స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలి

ఫిబ్రవరి 4

చిట్టెలుకా,

కుశలప్రశ్నలు తర్వాత. ముందు పని చెబుతాను, ఎందుకంటే నువ్వు ఉత్తరాలు చివరిదాకా చదవవని నా అనుమానం. అది మీ నాన్న పోలిక.

షాపు మూసేస్తున్నాను. డాక్టరు నా ఊపిరితిత్తుల ఫోటోని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, ‘మీ లోపల సగం రంపపు పొట్టే ఉంది’ అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళు పాత సామాను బాగుచేసినవాడి లోపల ఇంకేముంటుంది, మల్లెపూలా? వేసవిలోగా కింద షాపూ పైన గదీ ఖాళీ చేసి ఒంటి గదిలోకి మారిపోవాలి. అందులో నేను, మంచం, నా పుస్తకాల్లో పావు వంతు పడతాం. మిగతావి అమ్మాలి.

ఎదురు షాపు తాళాలవాడు తన ఫోన్‌తో ఫోటోలు తీసి నీకు పంపుతాడు. కొన్నిట్లో వాడి బొటనవేలు కూడా పడింది. అది అమ్మకానికి లేదు. వాటిని నువ్వు ఆ ఆన్‌లైన్ సంతలో పెట్టు. నాకు ఫోన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. నన్ను పలకరించాలనుకున్నవాళ్ళు ఒక కాగితం, ఒక తపాలా బిళ్ళ ఖర్చు పెట్టగలిగితే చాలు. నీ ఒక్కదానికే అది చేతనయింది.

సామాను: ఒక నిలువుటద్దం, ఒక తిరుగుడు పుస్తకాల అర, రెండు చేతుల కుర్చీలు, ఒక రాత బల్ల, ఒక నాలుగు మెట్ల స్టూలు. ప్రతిదాని కిందా ఈ రెండు వాక్యాలు అక్షరం మార్చకుండా వెయ్యి: ‘స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలి. పార్సెల్ పంపబడదు.’

ఎందుకని నన్నడక్కు. చెక్క సామాను దారిలో విరుగుతుంది, అంతే.

నువ్వు భోజనం వేళకి చేస్తున్నావా? నేను చేస్తున్నాను. వంట మాత్రం నా మీద కక్ష తీర్చుకుంటున్నట్టు ఉంటోంది.

మామయ్య


ఫిబ్రవరి 12

మామయ్యా,

చివరిదాకా చదివాను. వంట సంగతి దాకా.

అన్నీ పెట్టాను, మీ రెండు వాక్యాలూ అలాగే వేశాను. సాయంత్రానికే నలుగురు అడిగారు: ‘పార్సెల్ ఎందుకు పంపరు?’ మీ పేరుతో నేనే జవాబిస్తున్నాను కాబట్టి ఏం చెప్పాలో తోచక, ‘అద్దం ఉందండీ, పగులుతుంది’ అన్నాను. ‘స్టూలుకి అద్దం లేదుగా’ అని ఒకామె దొరకబుచ్చుకుంది.

నిజానికి ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? నా ఉద్యోగమే అది కదా. మా గోడౌన్‌లో నాది తిరిగొచ్చిన పార్సెళ్ళ బల్ల. రోజంతా పగిలినవీ, ఎవరూ తీసుకోనివీ విప్పి రాసుకుంటాను. అద్దాలు పెట్టెలో ఇసుకలా గలగలమంటూ వస్తాయి. కుర్చీకి మూడు కాళ్ళే వస్తాయి, నాలుగోది ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు. మంచి వస్తువు తీసుకుని, తమ దగ్గరున్న పాడైనది పెట్టెలో పెట్టి ‘పగిలినది పంపారు’ అని తిప్పి పంపేవాళ్ళున్నారు. ఇటుకరాయి పెట్టి పంపినవాడూ ఉన్నాడు, దాన్ని కూడా పాత దినపత్రికలో పద్ధతిగా చుట్టాడు. వీటన్నిటికీ అమ్మినవాళ్ళే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని బరువైనవీ పగిలేవీ అమ్మేవాళ్ళు, చుట్టే ఓపిక లేనివాళ్ళు, ఒకసారి మోసపోయినవాళ్ళు అందరూ ‘వచ్చి తీసుకెళ్ళండి’ అంటారు. మా బల్ల దగ్గరి పెద్దావిడ ఇంకో రకం ఉందంటుంది, ‘ముఖం చూసి అమ్మేవాళ్ళు’ అని. మీరే రకం?

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ మెట్ల స్టూలు మీ దగ్గర ఉందని నాకు తెలియదు. ఫోటో తెరవగానే పోల్చుకున్నాను. అది అమ్మ పడిన స్టూలే కదా. నాన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని వచ్చి మళ్ళీ చూశాడు. వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాడు.

మీ ఇద్దరికీ ఇరవై నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు కూడా అడగడం లేదు.

చిట్టెలుక


ఫిబ్రవరి 21

చిట్టెలుకా,

నీ ఉత్తరం కంటే నువ్వు పంపిన కొనేవాళ్ళే ముందొచ్చారు. ‘గురువారం వస్తానన్నాను కదా’ అని ఒకాయన గుమ్మంలో నిలబడితే, ‘ఎవరితో అన్నారు?’ అని అడిగాను. ‘మీతోనే’ అన్నాడు. నా పేరుతో నువ్వు చాలా మర్యాదగా మాట్లాడుతున్నావట. ఈ వీధిలో నా పరువు తీయకు.

వచ్చినవాడు ఎవరనుకున్నావు? రిటైరైన లెక్చరర్. ఒకప్పుడు సాహిత్య సభలో నేనొక నవల మీద వ్యాసం చదివితే, లేచి నిలబడి ‘చిత్రిక పట్టేవాళ్ళు చెక్క దగ్గరే ఆగితే సాహిత్యానికి క్షేమం’ అని చప్పట్లు కొట్టించుకున్న మహానుభావుడు. నన్ను గుర్తుపట్టలేదు. తిరుగుడు అర కావాలన్నాడు. ‘కింద పగులుంది, చూడాలి’ అన్నాను. ‘పర్లేదండీ’ అన్నాడు. ‘పర్లేదంటే కుదరదు’ అని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. వేలు పట్టుకుని పగులు మీద పెట్టాను. రెండు నిమిషాలు అలా నేల మీద ఉంచాను. నా వ్యాసం సంగతి ఏమో గానీ, పగులు మాత్రం నిజమని ఒప్పుకున్నాడు. అర తీసుకుని వెళ్ళాడు. ఆ పూట అన్నం సయించింది.

ఇదేదో నా పైత్యం అనుకోకు. మా మేస్త్రి నేర్పిన పద్ధతి. పాత సామాను అమ్మేటప్పుడు లోపం చెబితే చాలదు, చూపించినా చాలదు, కొనేవాడి వేలు పట్టుకుని దాని మీద పెట్టాలి. ‘చెవి మర్చిపోతుంది, కన్ను తనకి కావాల్సింది చూస్తుంది, వేలు ఒక్కటే అబద్ధం ఆడదు’ అనేవాడు. ఒకసారి పెద్ద ఉద్యోగి భార్య చేయి ముట్టుకోవాల్సి వస్తే, ఆవిడ కొడుకుని పిలిపించి ఆ కొడుకు చేత పట్టించాడు గానీ పద్ధతి వదల్లేదు. పార్సెల్‌లో వేలు ఎలా పెట్టిస్తాను? మీ పెద్దావిడకి చెప్పు, నాది ముఖం చూసే రకం కాదు, వేలు పెట్టించే రకమని.

అద్దం మాత్రం పోలేదు. దానికోసం ఒక నర్సు వచ్చింది. అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకుంటూ గభాలున వెనక్కి తిరిగింది. ‘మూల స్టూలు మీద ఎవరో ఆడమనిషి కూర్చున్నారనుకున్నాను’ అంది. స్టూలు మీద నా దుమ్ము గుడ్డ తప్ప ఏమీ లేదు. నవ్వేసింది గానీ అద్దం తీసుకోలేదు.

నీకు చెప్పకూడదు, అయినా ఇంకెవరికి చెప్పను? భోజనమయ్యాక, వీధి సద్దుమణిగిన వేళ, ఆ స్టూలు మూడో మెట్టు కిర్రుమంటుంది. ఒక్కసారే. మనిషి బరువు పడినప్పుడు వచ్చే చప్పుడు. ఎండకీ చెమ్మకీ చెక్క కదులుతుందని నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ విరిగిన ఆ పాత మెట్టుని నేనెప్పుడో తీసేశాను. ఇప్పుడున్నది వేరే చెట్టు, వేరే చెక్క. దానికి పాత మెట్టు గొంతు ఎలా వచ్చింది?

మీ నాన్న ఫోటో ఎందుకు చూశాడు?

మామయ్య


మార్చి 1

మామయ్యా,

ఆ చప్పుడు గురించి చదివి నాకు మెడ వెనక చల్లబడింది. పగటిపూట, బస్సులో, చుట్టూ అంతమంది ఉండగా.

మీరు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను. పెద్దావిడతో మీ సంగతి చెప్పాను. ‘పాపం ఒంటరి మనిషి, నాలుగు మాటల కోసం మనుషుల్ని ఇంటికి రప్పించుకుంటున్నాడు’ అంది. నాకూ అదే అనిపించింది. వేళ్ళు పట్టుకోవడం కూడా అందుకేనేమో. అలా అయితే తప్పేముంది? మీరు ఇక్కడికి వచ్చేయండి. గది ఉంది. నాన్న కాదనడు.

నాన్న సంగతి. మొన్న అన్నం తింటూ, ‘ఆ స్టూలు ఎవరికీ ఇవ్వొద్దను. మనకి పంపమను’ అన్నాడు. ‘ఎందుకు నాన్నా?’ అంటే, ‘ఊరికే’ అన్నాడు. ఆయనకి కావాల్సింది ఇది అని ఏళ్ళ తరబడి ఒక్కటీ అడగలేదు, మామయ్యా. చొక్కా చిరిగినా అడగడు. తుంటి ఎముక విరిగాక ఆయన వీధి చివరిదాకా కూడా నడవలేడు, అంతదూరం ప్రయాణం అసలే కుదరదు. అందుకని మీ ఊళ్ళో మా కంపెనీకి సామాను చుట్టే పనిచేసే మనిషిని మాట్లాడాను. బుధవారం మీ దగ్గరికి వస్తాడు. మందమైన అట్ట, గుడ్డలు, తాళ్ళు అన్నీ తనే తెస్తాడు. గాజుసామాను చుట్టడంలో ఆరితేరినవాడు. మీరు తలుపు తీస్తే చాలు.

చిట్టెలుక


మార్చి 9

చిట్టెలుకా,

మీ గాజుసామాను నిపుణుడు వచ్చాడు. తలుపు తీశాను, వచ్చిన పని విన్నాను, తలుపు వేశాను. అరగంట గుమ్మంలో నిలబడి, ‘పెద్దాయనా, నాకు ఈ పూట ఇదొక్కటే పని, తీయండి’ అని బతిమాలాడు. తాళాలవాడు వాడికి టీ ఇచ్చి పంపాడట. వాడి మీద నాకేం కోపం లేదు. అది చెప్పు.

నేను ఒంటరితనానికి మనుషుల్ని పిలుచుకుంటున్నానా? నువ్వూ ఆ పెద్దావిడా కలిసి నా మీద జాలి నవల రాస్తున్నట్టున్నారు. అలాంటి నవలలు చాలా చదివాను. చివర్లో ముసలివాడు మెత్తబడతాడు. నేను మెత్తబడే చెక్కని కాదు.

సరే, విను. అద్దానికీ కుర్చీలకీ ఆ షరతు మా మేస్త్రి పద్ధతి. స్టూలుకి మాత్రం ఆ షరతు ఒకే ఒక్క మనిషి కోసం. మీ నాన్న కోసం. ఆ ఫోటో నీ దగ్గరికి వస్తే ఆయన చూస్తాడని తెలుసు. చూస్తే అడుగుతాడని తెలుసు. అడిగితే రావాలి. వస్తే ఆయన వేలు పట్టుకుని ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.

ఇరవై నాలుగేళ్ళ కిందట మీ అమ్మ అటక అందడం లేదని, స్టూలు పంపమని నెల రోజులు నా ప్రాణం తీసింది. నాకు ఒక జడ్జిగారి బల్ల పని ఉంది. ఈ స్టూలు చేతిలో ఉంది, కానీ మూడో మెట్టు గాడిలో దూరే చోట లోపల చీలింది. పైన పాలిష్ పడ్డాక ఎవరికీ కనబడదు. దానికి తగిన ఎండిన చెక్క నా దగ్గర లేదు. నేనే తీసుకొచ్చి వేలు పెట్టించి చూపించాల్సింది పోయి, లారీలో వేశాను. జీవితంలో ఒక్కసారి పద్ధతి తప్పాను, అదీ సొంత చెల్లెలి దగ్గర. అది నా తప్పు. ఎవరి మీదా తోయను.

కానీ కాగితం పెట్టాను. షాపు బిల్లు కాగితం వెనక, చెక్క మీద గుర్తులు పెట్టే ఎర్ర పెన్సిల్‌తో, పెద్ద అక్షరాలతో రాసి గోనెలో దోపాను: మూడో మెట్టు మీద కాలు పెట్టొద్దు, వచ్చే ఆదివారం వచ్చి మారుస్తాను అని. శుక్రవారం మీ అమ్మ ఎక్కింది. ఆదివారం నేను వచ్చేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి.

అందరి ముందూ మీ నాన్నని అడిగాను: ‘బావా, నేను పెట్టిన కాగితం ఏమైంది?’ ఆయన నా ముఖం కూడా చూడలేదు. ‘పారేశాను’ అన్నాడు. ‘చదివావా?’ అన్నాను. ‘లేదు’ అన్నాడు. టెలిఫోన్ పుస్తకం తప్ప ఇంకేదీ చదవని మనిషి. ఒక్క వాక్యం చదవడానికి బద్ధకించి నా చెల్లెల్ని చంపుకున్నాడు. నెల తర్వాత స్టూలు తిప్పి పంపాడు, ఒక్క మాట రాయకుండా. ఆ రోజే ఆ మనిషితో నాకు తెగిపోయింది.

ఇప్పుడు చెప్పు, ఇది చుట్టి పంపే వస్తువేనా? తుంటి విరిగితే ఎత్తి తీసుకురా. స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలి.

మామయ్య


మార్చి 17

మామయ్యా,

మీ ఉత్తరం గోడౌన్‌లో, పగిలిన సామాను మధ్య నిలబడి చదివాను. ఇంటికి తీసుకెళ్ళడానికి భయమేసింది.

కాగితం సంగతి నాకు ఎప్పుడూ తెలియదు. నాకు తెలిసిందల్లా వేరు. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, పెళ్ళి చేసుకోబోయి మానేసిన అతనితో కూడా. ఆ శుక్రవారం అమ్మని అటక ఎక్కించింది నేను. కనబడ్డ ప్రతి కాగితం మీదా బొమ్మలు గీస్తున్నానని అమ్మ నా రంగు పెన్సిళ్ళ డబ్బా అటక మీద పెట్టేసింది. బడి నుంచి రాగానే డబ్బా కావాలని కాళ్ళకి చుట్టుకున్నాను. ‘ఈ ఒక్కసారికే, మళ్ళీ అడిగితే వీపు చిట్లగొడతాను’ అని నవ్వుతూ ఎక్కింది. మొదటి మెట్టు, రెండో మెట్టు. తర్వాత నాకు డబ్బా పడిన చప్పుడే గుర్తుంది. పెన్సిళ్ళు దొర్లుతూ వెళ్ళి మంచం కిందకి చేరాయి. నేను ముందు వాటిని ఏరాను. అది కూడా గుర్తుంది.

అందుకే నేను ఎవరినీ ఏదీ అడగను, మామయ్యా. మీ ఇద్దరి గొడవ గురించి కూడా.

ఇప్పుడు అడుగుతాను. నాన్ననే అడుగుతాను. ఆయన నిజంగా చదవకుండా పారేసి ఉంటే, నేనేం చేస్తానో నాకు తెలియదు.

చిట్టెలుక


మార్చి 24

చిట్టెలుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తొమ్మిదేళ్ళ పిల్ల రంగు పెన్సిళ్ళు అడగడం నేరమా? అమ్మలు పిల్లల కోసం రోజుకి పదిసార్లు ఎక్కుతారు, పదిసార్లు దిగుతారు. మెట్టు చీలి ఉండటం నా తప్పు. ఆ మాట ఆమెకి చేరకపోవడం మీ నాన్న తప్పు. ఇందులో నీకు చోటే లేదు. ఇన్నేళ్ళు నువ్వు దీన్ని మోస్తుంటే పక్కనే కూర్చుని చూశాడే, ఆ మనిషి. ‘నేను కాగితం పారేశాను, నీ తప్పు కాదు’ అని ఒక్క మాట అంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా?

అడుగు. గట్టిగా అడుగు. ఆయన చేత ఒప్పించు. నాకోసం కాదు, నీకోసం. ఆ మాట విన్న రోజు నువ్వు తేలిక పడతావు. ఇప్పుడు నాకు స్టూలు గురించి కూడా పట్టింపు లేదు, ఆ మాట వస్తే చాలు.

ఈ వారం ఆ చప్పుడు రెండుసార్లు వచ్చింది. ‘ఎవరది?’ అన్నాను. నా షాపులో, పట్టపగలు, ఒక స్టూలుని పట్టుకుని ఎవరది అని అడిగాను. తాళాలవాడు తొంగి చూసి, ‘నన్నా పెద్దాయనా?’ అన్నాడు. ‘నిన్నే’ అన్నాను.

వెంటనే రాయి.

మామయ్య


ఏప్రిల్ 6

మామయ్యా,

ఆలస్యమైంది. చెయ్యి రాలేదు.

అడిగాను. నాన్న బాల్కనీలో గోళ్ళు తీసుకుంటున్నాడు. ‘మామయ్య పెట్టిన కాగితం ఏం చేశావు నాన్నా?’ అన్నాను. చెయ్యి ఆగింది. ‘పారేశానని అప్పుడే చెప్పాగా’ అన్నాడు. ‘చదవకుండానే?’ ‘ఆ.’ ‘ఎప్పుడు పారేశావు? పార్సెల్ విప్పిన రోజు నువ్వు ఊళ్ళో లేవు. అమ్మా నేనూ విప్పాం. తాళ్ళు కోసినప్పుడు పట్టుకున్నది నేనే.’

నాన్న మళ్ళీ గోళ్ళు తీసుకోవడం మొదలుపెట్టాడు. మీకు తెలుసుగా, ఆయనకి అబద్ధం ఒకటే వచ్చు, దానికి కొనసాగింపు రాదు. నేను అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదటిసారి. ‘నా వల్లే అమ్మ పోయిందని నేను ఇన్నేళ్ళు చస్తూ బతుకుతుంటే నువ్వు నోరు మూసుకున్నావు’ అన్నాను. ఆ మాట విని ఆయన నన్ను వింతగా చూశాడు. ‘నీకు గుర్తుందా?’ అన్నాడు. ‘పెన్సిళ్ళ డబ్బా గుర్తుంది’ అన్నాను. ‘అదొక్కటేనా?’ అన్నాడు. మామయ్యా, ఆయన ముఖంలో అప్పుడు కనబడింది భయం. నోరు జారినవాడి భయం.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున, అమ్మ చీర మడతలో, కాగితం ఉంది.

ఒక వైపు, మీ షాపు బిల్లు గీతల మీదే, నా బొమ్మ. ఇల్లు, చెట్టు, గుమ్మంలో అమ్మ. మామూలు పెన్సిల్‌తో గీసింది. రంగులు లేవు. రెండో వైపు మీ ఎర్ర అక్షరాలు: ‘చెల్లీ, మూడో మెట్టు మీద ఎవ్వరూ కాలు పెట్టకండి. లోపల చీలింది. వచ్చే ఆదివారం వచ్చి మారుస్తాను. అన్నయ్య.’ మీరు ఎంత ఒత్తి రాశారంటే అక్షరాలు ఇటువైపుకి ఉబ్బాయి. ఆ ఉబ్బుల పక్కనే నేను ఇంటి గోడ గీశాను.

గోనెలోంచి తీసుకున్నది నేనే. అమ్మకి చూపించకుండా దాచుకుని ఉంటాను, కాగితాలు కనబడితే లాక్కుంటుందని. అది నాకు గుర్తు లేదు, వెనక మీరు రాసింది చదివానో లేదో కూడా. ఎంత తవ్వినా రావడం లేదు. కానీ ఆ శుక్రవారం రంగులు ఎందుకు కావాలన్నానో ఇప్పుడు తెలుసు. ఈ బొమ్మకి వేయడానికే.

నాన్న స్నానం చేసి వచ్చి చూశాడు. తువ్వాలు భుజం మీద వేసుకుని అలాగే మంచం మీద కూర్చున్నాడు. ‘నీ బడి సంచిలో దొరికింది, మూడో రోజు. మీ మామయ్య అడిగేసరికి నా జేబులో ఉంది. నువ్వు పక్కనే నా వేలు పట్టుకుని నిలబడ్డావు. ఏం చెప్పమంటావు?’ అన్నాడు. ‘మరి మామయ్యకి తర్వాతైనా చెప్పొచ్చుగా?’ అంటే, ‘వాడికి కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేనున్నాను. సరిపోయింది’ అన్నాడు. స్టూలు ఎందుకు అడిగావంటే, ‘వాడి దగ్గరుంటే రోజూ దానితో మాట్లాడతాడు. నా దగ్గరుంటే నేను మాట్లాడను. అందుకని’ అన్నాడు.

మామయ్యా, మీరు ఆయన మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన మాట లేదు. నాదే ఉంది.

చిట్టెలుక


ఏప్రిల్ 14

చిట్టెలుకా,

నువ్వు పొరబడ్డావు. నిదానంగా చదువు.

ఆ కాగితం నాదే. కానీ ఆ స్టూలుది కాదు. అంతకు ముందు ఏడాది మీ అమ్మకి ఇంకో మెట్ల స్టూలు పంపాను. నువ్వు చిన్నదానివి, గుర్తుండదు. దాని మూడో మెట్టు కూడా చీలి ఉంది. పాత సామానులో మూడో మెట్టే చీలుతుంది, ఎక్కువ బరువు పడేది అక్కడే. ఆ స్టూలు నచ్చలేదని మీ అమ్మ తిప్పి పంపింది. కాగితం మీ ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లవి, దాని మీద బొమ్మ గీసుకున్నావు. అంతే.

రెండో స్టూలుతో నేను కాగితం పెట్టలేదు. పెట్టానని చెప్పింది అబద్ధం. జడ్జిగారి బల్ల పనిలో పడి మర్చిపోయాను. ఆదివారం మీ గుమ్మంలో నిలబడినప్పుడు, అంతమంది నన్ను చూస్తున్నప్పుడు, ఏదో ఒకటి అనకపోతే చచ్చిపోతాననిపించి ‘కాగితం ఏమైంది?’ అన్నాను. మీ నాన్న ఎందుకో ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకున్నాక దాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టాను. ఇంత చదివినవాడిని, నాకు నేను ఒక కథ రాసుకుని అందులో ఆయన్ని దుర్మార్గుణ్ణి చేశాను. కథ బాగా కుదిరింది. ఇరవై నాలుగేళ్ళు నిలబడింది.

కాబట్టి తప్పు మొత్తం నాది. పంచడానికి ఇంకెవరూ లేరు. నువ్వు ఇందులో లేవు. మీ నాన్నా లేడు.

ఆ చుట్టే మనిషిని మళ్ళీ పంపు. స్టూలు మీ నాన్నకి పార్సెల్ చేయిస్తాను. ఈసారి తలుపు వేయను. వాడికి టీ కూడా నేనే ఇస్తాను. ఆ సంతలో మిగతా సామాను కింద కూడా ఆ రెండు వాక్యాలూ తీసెయ్యి. ఎవరికి కావాలంటే వాళ్ళకి పంపేద్దాం.

మీ నాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆయనకి రాయాలని కాగితం తీశాను. ‘బావా’ అని రాసి కూర్చున్నాను.

మామయ్య


ఏప్రిల్ 23

మామయ్యా,

చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, ‘కాగితం పెట్టలేదని రాశాడా?’ అన్నాడు. ‘రాశారు.’ ‘వాడా?’ ‘ఆయనే.’ ‘ఇంకోసారి చదువు.’ ఇంకోసారి చదివాను. నాన్న ముఖం తుడుచుకుని, ‘అయితే అదే నిజం. అలాగే ఉండనీ’ అన్నాడు. తర్వాత, మీరు ఇప్పటికీ టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటారా, డాక్టరు మానిపించాడా, కనుక్కోమన్నాడు. వంట చేసే మనిషి ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగాడు. గది కడిగించి కిటికీ తెరిపించాడు. ఎవరికోసమో చెప్పలేదు.

మామయ్యా, మీరు రాసే ప్రతి కాగితం మీదా తేదీ వేస్తారు. ఈ కాగితం మీద కూడా వేశారు, కింద మూలన, చిన్నగా. స్టూలు వచ్చిన లారీ రసీదుని నాన్న అదే చీర మడతలో దాచాడు. రెండిటి మీదా ఒకటే తేదీ.

నేను రెండూ చూశానని నాన్నకి తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. అయినా మీరిద్దరూ ఇన్నేళ్ళ తర్వాత ఒక మాట మీద నిలబడ్డారు. దాన్ని విడగొట్టే ధైర్యం నాకు లేదు. నమ్ముతున్నానని నాన్నతో చెప్పాను. మీతో కూడా చెబుతున్నాను. మనం ముగ్గురం ఇక ఆ మాట మీదే ఉందాం.

అమ్మకి మాత్రం ఏం చెప్పుకోవాలో నాకు తెలియడం లేదు.

చిట్టెలుక